ఇరవై ఎనిమిది మందీ, మిగతావాళ్ళూ

నా దగ్గరున్న ఒక పుస్తకం చేతులు మారి మారి అట్ట మెత్తబడిపోయింది. ఆల్ఫ్రెడ్ లాన్సింగ్ 1959లో రాసిన 'ఎండ్యూరెన్స్' అది. రాయగడలో మా ఇంట్లోంచి బయలుదేరి, కోరాపుట్ బండెక్కి కొండల మీదికి పోయి, జయపురం దాకా తిరిగి, ఎవరో ఒకరి సంచిలో మళ్ళీ ఇంటికి చేరుతుంటుంది. గీతలు గీయొద్దని నేనెవరికీ చెప్పను. తిరిగొచ్చినప్పుడల్లా కొత్త గీతలేమైనా పడ్డాయా అని చూసుకోవడం అలవాటైపోయింది. ఎర్ర పెన్ను ఒకరిది, మొన అరిగిన పెన్సిలు ఒకరిది, అంచున తిన్నగా నిలువు గీత గీసే చెయ్యి ఇంకొకరిది. ఈ మధ్య ఒక రాత్రి అవన్నీ వరసగా చూస్తుంటే ఒక సంగతి మనసులో పడి ఇప్పటికీ వదలడం లేదు. ఇన్ని వయసులవాళ్ళు, ఇన్ని రకాల బతుకులవాళ్ళు చదివారు కదా, గీతలు మాత్రం దాదాపు అన్నీ ఒకే మనిషి మీద పడ్డాయి. ఆయన ఏమన్నాడు, ఏం తేల్చాడు, ఎవరిని ఎవరి గుడారంలో పడుకోబెట్టాడు. మిగతా ఇరవై ఏడుగురు కనిపించే పేజీలు చాలావరకు తెల్లగానే ఉన్నాయి. రాసినవాడు అలా రాశాడా, మేమే అలా చదివామా?

ఆ ఒక్క మనిషి ఎర్నెస్ట్ షాకిల్టన్. అంటార్కిటికాను ఈ అంచు నుంచి ఆ అంచుకు నేలమీద దాటాలని 1914 డిసెంబరు 5న సౌత్ జార్జియా దీవి నుంచి ఎండ్యూరెన్స్ అనే ఓడలో బయలుదేరాడు. తీరం చేరకముందే, 1915 జనవరిలో, వెడ్డెల్ సముద్రపు మంచు ఓడను పట్టేసింది. నెలల తరబడి మంచు ఎటు కదిలితే ఓడా అటే. చివరకు ఆ మంచే దాన్ని నలిపేసింది. అక్టోబరు 27న దిగిపోయారు, నవంబరు 21న ఓడ మునిగింది. ఆ తర్వాత తేలే మంచు మీద కాపురం, సీలు మాంసం, పెంగ్విన్ మాంసం. 1916 ఏప్రిల్‌లో మూడు పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కణ్ణుంచి ఆరుగురు ఇరవై రెండడుగుల పడవలో దాదాపు 800 మైళ్ళు దాటి సౌత్ జార్జియా చేరారు. వాళ్ళలో ముగ్గురు ఎవరూ ఎక్కని కొండలు దాటి తిమింగలాల వేటగాళ్ళ ఊళ్ళో పడ్డారు. ఆగస్టు 30న చిలీ దేశపు యెల్చో అనే చిన్న ఓడ వచ్చి దీవిలో మిగిలిన ఇరవై ఇద్దరినీ ఎక్కించుకుంది. ఇరవై ఎనిమిది మంది బయలుదేరారు, ఇరవై ఎనిమిది మందీ బతికారు. ఈ వాక్యం దగ్గర మా వాళ్ళందరూ ఆగారు. ఆ వాక్యం కిందే గీతలు ఎక్కువ.

నిలువు గీతల మిత్రుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయనకు ఇది నాయకత్వపు పాఠం. నిద్ర సంచులు పంచిన ఘట్టం చూపించి మురిసిపోతాడు. మంచి బొచ్చు సంచులు అందరికీ సరిపోవు, చీట్లు వేశారు. ఏం జరిగిందో ఏమో, నాసిరకం ఉన్ని సంచులు ఎక్కువగా షాకిల్టన్‌కూ పైవాళ్ళకూ వచ్చాయి, వెచ్చనివి కింది నావికులకు పోయాయి. "ఇదండీ పెద్దరికమంటే!" అంటాడు, కళ్ళు మెరుస్తుంటే. నిజమే, ఆ పేజీ చదివినప్పుడు నాకూ గొంతు పూడుకుపోయింది. రైల్లో గార్డుగా పనిచేసినాయనకు వేళలు నచ్చాయి. ఓడ పోయినా, దారి లేకపోయినా, టైముకి తిండి, టైముకి కాపలా. నర్సుగా చేసే మా చెల్లెలి వరస అమ్మాయి ఏ గీతా గీయలేదు కానీ నోటితో ఒక్క సంగతే అడిగింది: ఓడలో దొంగచాటుగా ఎక్కిన పెర్స్ బ్లాక్‌బరో అనే కుర్రాడి కాలివేళ్ళు తీసేశారు కదా, ఆ చోట అంత శుభ్రత ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా? తలకిందులు చేసిన రెండు పడవలే అక్కడ కప్పు. సీలు కొవ్వు మంటతో లోపల వేడి పుట్టించి, మిగిలిన కాస్త క్లోరోఫాం వాడి, ఇద్దరు డాక్టర్లు ఆ పని చేశారు. తనకు ఆ చేతులు ముఖ్యం. జయపురంలో బడి చెప్పే ఆవిడ కుక్కలన్నింటినీ కాల్చేసిన చోట పుస్తకం మూసేసింది. మిగతా కథ తెలుసుకోవాలని లేదంది. ఎవరి తీర్పును తప్పనగలను? అందరూ ఒకే అచ్చు చదివారు, ఎవరికి తగిలిన చోట వాళ్ళు ఆగారు.

మా కొండల చలి ఎరిగినవాళ్ళకు ఈ కథ మరీ పరాయిదనిపించదు. డిసెంబరులో సెమిలిగుడ, పొట్టంగి వైపు తెల్లవారుజామున వెళ్ళి చూడండి, గడ్డి మీద మంచు పేరుకుని మాట పొగలా వస్తుంది. ఆ పక్కనే దేవమాలి, 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. అయినా ఆ చలికీ ఈ చలికీ పోలికేమిటి అని నేనే అనుకునేదాన్ని, రాళ్ళ సంగతి చదివేదాకా. మా ఊళ్ళ కింద పరుచుకున్న ఖొండలైట్, చార్నొకైట్ రాళ్ళ పట్టీ సముద్రం దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది కానీ, దాని రెండో ముక్క తూర్పు అంటార్కిటికాలో ఉంది. పదమూడు కోట్ల ఏళ్ళ కిందటి వరకు ఈ రెండు నేలలూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళను రాళ్ళతో సరిపోల్చి చెబుతారు. మన దేశం 2012లో భారతి కేంద్రాన్ని లార్స్‌మన్ కొండల దగ్గర కట్టింది. అక్కడ స్థలం చూడడానికి చెప్పుకున్న కారణాల్లో ఈ పాత చుట్టరికం కూడా ఒకటి. కోణార్కలో చెక్కిన రాయీ, రాయగడ దాటాక రైలు సొరంగాల్లో కిటికీకి దగ్గరగా కనిపించే రాయీ, ఆ మంచు కింద పడుకున్న రాయీ ఒకే కుదురువి. ఇది తెలిశాక ఆ పుస్తకం నాకు దూరదేశపు కథగా మిగల్లేదు. మరి దగ్గరైనకొద్దీ కథ తేలికవ్వాలి కదా, ఎందుకు బరువెక్కింది?

బరువు వడ్రంగితో మొదలైంది. హ్యారీ మెక్‌నీష్, స్కాట్లండ్‌వాడు, ఓడ వడ్రంగి. 1915 డిసెంబరు చివర్లో, మంచు మీద పడవలు లాగలేక అందరి ఒళ్ళూ హూనమైపోయినప్పుడు ఆయన లాగనన్నాడు. ఓడ మునిగింది, ఓడతో రాసుకున్న ఒప్పందమూ పోయింది, ఇక ఎవరి మాట ఎందుకు వినాలన్నాడు. షాకిల్టన్ ఒప్పంద పత్రం బయటికి తీసి చదివి వినిపించాడు: ఓడలోనైనా, పడవలోనైనా, ఒడ్డునైనా చెప్పిన పని చెయ్యాలి, జీతం ఆగదు. మెక్‌నీష్ తగ్గాడు. అంతకుముందే ఆయన పెంచుకున్న పిల్లిని కాల్చేశారు, ఆ దుఃఖం ఆయన్ను ఎప్పుడూ వదల్లేదంటారు. తర్వాత ఆ ఇరవై రెండడుగుల పడవకు అంచులు ఎత్తు పెంచింది, జారుబండి చెక్కలూ పెట్టె మూతలూ గుడ్డా వేసి పైకప్పు కట్టింది, చిత్రకారుడి రంగూ సీలు నెత్తురూ కలిపి సందులు పూడ్చింది ఈయనే. కొండలు దాటబోయేవాళ్ళ బూటు అడుగున మరలు బిగించిందీ ఈయనే. ఆ పడవ తేలకపోతే ఇరవై ఎనిమిది మందిలో ఎంతమంది మిగిలేవారు? తిరిగొచ్చాక అందరికీ ధ్రువ పతకాల సిఫార్సులు వెళ్ళాయి. మెక్‌నీష్‌కూ మరో ముగ్గురు నావికులకూ లేదు. 1930లో న్యూజీలాండ్‌లో, పేదరికంలో పోయాడు.

దీని మీద మా ఇంటి వరండాలో పెద్ద వాదమే జరిగింది. గార్డుగారు కచ్చితం: ఆపదలో ఒకడు ఎదురు తిరిగితే అందరి ప్రాణం పోతుంది, పతకం ఇవ్వకపోవడమే సరి. బ్యాంకు మిత్రుడు కొంచెం మెత్తబడ్డాడు కానీ నాయకుణ్ణి వదులుకోలేకపోయాడు. నేను ఎటూ గట్టిగా చెప్పలేకపోయాను. అలసిపోయిన మనిషి కాదన్న ఆ ఒక్క పూట ముందు, అతని చేతులు కట్టిన పడవ ఎందుకు చిన్నదైపోవాలి? పతకం పంచినాయన సంచుల దగ్గర అంత పెద్ద మనసు చూపి ఇక్కడ ఎందుకు మూసుకున్నాడు? ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటాయని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ వాదం జరుగుతున్నప్పుడు గోడకు సున్నం వేస్తున్న కుర్రాడు వింటూ ఉన్నాడు. కొండ మీది ఊరివాడు. తెలంగాణలో ఇటుక బట్టీల్లో పనిచేసి వచ్చాడు, తెలుగు అక్కడే పట్టుబడింది. టీ తాగుతూ కథ మొత్తం చెప్పమన్నాడు. ఓడ, మంచు, పడవ, దీవి, అన్నీ చెప్పాను. సింహం లాంటి నాయకుడి మాట చెప్పినా అతని ముఖం మారలేదు. "వాళ్ళకి అడ్వాన్సు ఎంతిచ్చారమ్మా?" అన్నాడు. తర్వాత, "ఓడ ములిగిపోయాక కూలి లెక్క కట్టారా, ఆపీసినారా?" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఇంటికాడ ఆడోళ్ళకి ఎవులు సెప్పినారు?" అన్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళం ఇన్నేళ్ళుగా తిరగేస్తున్న పుస్తకం గురించి ఈ మూడు ప్రశ్నలూ ఎవ్వరమూ అడగలేదు. మెక్‌నీష్ గొడవంతా మొదటి రెండు ప్రశ్నల చుట్టూనే కదా తిరిగింది! అవిభక్త కోరాపుట్ పల్లెల నుంచి ముందు డబ్బు పుచ్చుకుని దాదన్ కూలీలుగా వెళ్ళేవాళ్ళకు ఒప్పందం అంటే ఏమిటో, అది ఎక్కడ తెగుతుందో, తెగితే ఎవరు నష్టపోతారో పుస్తకం చెప్పనక్కర్లేదు. 1914లో లండన్ రేవులో ఓడెక్కిన నావికుడు ఆ కుర్రాడికి అర్థమైనంతగా నాకు అర్థం కాలేదు.

మూడో ప్రశ్నకు జవాబు వెతకబోయి నేను రెండో సముద్రంలో పడ్డాను. షాకిల్టన్ అంటార్కిటికా ప్రయాణం ఒక ఓడతో అయ్యేది కాదు. ఖండానికి అవతలి వైపు, రాస్ సముద్రంలో, అరోరా అనే మరో ఓడ ఇంకొక జట్టును దింపింది. దాటి వచ్చేవాళ్ళ కోసం దారి పొడవునా తిండి దాచిపెట్టడం వాళ్ళ పని. 1915 మేలో గాలివాన అరోరాను లంగరుతో సహా తెంపుకుపోయింది. సరుకులు చాలావరకు ఓడలోనే ఉండిపోయాయి, పది మంది ఒడ్డున మిగిలారు. అంతకుముందు వచ్చిన ధ్రువయాత్రికుడు స్కాట్ బృందం వదిలేసిన గుడిసెలో దొరికిన పాత గుడ్డల నుంచి బట్టలు కుట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. బియర్డ్‌మోర్ హిమానీనదం మొదలు దాకా వెళ్ళి తిండి దాచి వచ్చారు. ఎవరి కోసం దాచారో ఆ మనుషులు అప్పటికే ఓడ పోగొట్టుకుని వేరే సముద్రంలో మంచు మీద కూర్చున్నారు, ఆ దారిన ఎన్నటికీ రారు. ఈ సంగతి వీళ్ళకు తెలిసే మార్గం లేదు. స్కర్వీ పట్టి 1916 మార్చి 9న ఆర్నాల్డ్ స్పెన్సర్-స్మిత్ అనే మతగురువు చనిపోయాడు. మే 8న నాయకుడు ఈనియాస్ మాకింటాష్, విక్టర్ హేవార్డ్ సముద్రపు మంచు మీదుగా నడిచి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. బతికిన ఏడుగురిని 1917 జనవరిలో తీసుకొచ్చారు, షాకిల్టన్ కూడా ఆ ఓడలో ఉన్నాడు.

అందరూ బతికారన్న వాక్యం మరి? వెడ్డెల్ సముద్రం వైపు నిజం. షాకిల్టన్ 1916 సెప్టెంబరులో భార్యకు ఒక్క ప్రాణమూ పోలేదని ఉత్తరం రాసే సమయానికి అవతలి వైపు ముగ్గురు అప్పటికే లేరు, ఆయనకది తెలియదు. తెలిశాక దాచనూ లేదు, 1919లో వచ్చిన ఆయన సొంత పుస్తకం 'సౌత్'లో ఆ జట్టు కథకు అధ్యాయాలే ఇచ్చాడు. రాసినాయన ఇచ్చిన చోటు చదివినవాళ్ళం ఇవ్వలేదు. ఇంత పెద్ద కష్టం తర్వాత పూర్తి సంతోషం కావాలని మనసు కోరుకుంటుంది, ముగ్గురి చావు ఆ కోరికకు అడ్డు. వాళ్ళు చేసిన పని ఎవరికీ ఉపయోగపడకపోవడం ఇంకా పెద్ద అడ్డు. రాని మనిషి కోసం మంచులో అన్నం మూటలు దాచి చనిపోయినవాళ్ళను ఏ శిక్షణ తరగతిలో ఏ పాఠంగా చెబుతారు?

మన మరుపుకు ఇంకో ఉదాహరణ ఉంది. రాస్ సముద్రం వైపు ఆ ముగ్గురు పోవడానికి నాలుగేళ్ళ ముందు, తిరిగి రాని స్కాట్ బృందాన్ని వెతకడానికి వెళ్ళినవాళ్ళ వెంట మన దేశం పంపిన ఏడు కంచర గాడిదలు ఉన్నాయి. హిమాలయాల నుంచి వెళ్ళాయవి. లాల్ ఖాన్, గులాబ్, బేగం, ప్యారీ లాంటి పేర్లు. 1912 నవంబరులో స్కాట్ గుడారం దొరికిన రోజు అవి ఆ మంచు మీద ఉన్నాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. వాటి పేర్లు మాత్రం పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వాటికి నడక నేర్పిన ఆ కొండల మనుషుల పేర్లు నాకు ఎక్కడా దొరకలేదు.

మన వైపు ఇలాంటి ప్రయాణాలు లేవా అనుకుంటే 2020 ఏప్రిల్ గుర్తుకొస్తుంది. లాక్‌డౌన్‌లో బస్సులూ రైళ్ళూ ఆగిపోయినప్పుడు చెన్నైలో చిక్కుకున్న శ్రీకాకుళం, గంజాం మత్స్యకారులు కొందరు డబ్బులు పోగేసుకుని పడవలు కొనుక్కుని సముద్రం మీద ఇంటిదారి పట్టారు. తీరం వెంబడి రోజుల తరబడి ప్రయాణించి సొంత ఊళ్ళ దగ్గర దిగారు. దిగగానే క్వారంటైనుకు తీసుకెళ్ళారు. పేపర్లో చిన్న వార్త, ఒకటి రెండు ఫోటోలు. ఆ పడవలో చుక్కాని ఎవరు పట్టారు, నీళ్ళు ఎలా పంచుకున్నారు, మధ్యలో ఎవరైనా వద్దు వెనక్కి పోదామన్నారా, అంటే వాళ్ళలోనూ ఒక మెక్‌నీష్ ఉన్నాడా? చదవాలనుంది. లాన్సింగ్ ఎండ్యూరెన్స్ ఓడ మునిగిన నలభై ఏళ్ళకు పైబడి, బతికున్న నావికుల ఇళ్ళకు వెళ్ళి, డైరీలు అడిగి తెచ్చుకుని చదివి, ఆ పుస్తకం రాశాడు. మన పడవలవాళ్ళు ఇంకా వయసులో ఉన్నారు, ఒక బస్సు దూరంలో ఉన్నారు.

వీటన్నిటికంటే నన్ను పట్టుకున్నది మా కోరాపుట్‌లో జరిగిందే. ఆ చోటు ఇప్పుడు మల్కనగిరి అని వేరే జిల్లా. 1992 దాకా మాదే. సీలేరు నదికి ఒడిశా, ఆంధ్ర కలిసి బలిమెల ఆనకట్ట కట్టుకున్నాయి. నీళ్ళు నిండాక 151 ఊళ్ళు మూడు వైపులా జలాశయం, నాలుగో వైపు ఆంధ్ర సరిహద్దు అడవి మధ్య మిగిలిపోయాయి. ప్రభుత్వ కాగితాల్లోనే వాటికి కట్-ఆఫ్ ఏరియా అని పేరుండేది. దిదాయి, కొంధు, పరజా కుటుంబాలు. సంతకు పోవాలంటే, పురిటి నొప్పులొస్తే, పాము కరిస్తే, చిత్రకొండ వైపు లాంచీ కోసం ఒడ్డున కూర్చోవాల్సి వచ్చేది; లేదా కొండలెక్కి ఆంధ్రలోని ముంచింగిపుట్టు వైపు నడవాల్సి వచ్చేది. 2008 జూన్ 29న అదే నీళ్ళలో లాంచీ మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు ముప్పై మందికి పైగా ఆంధ్ర పోలీసుల గ్రేహౌండ్స్ జవాన్లు చనిపోయారు. చాలామంది తెలుగువాళ్ళు బలిమెల పేరు ఆ రోజే విన్నారు. అంతకుముందూ తర్వాతా ఆ ఒడ్డున జరిగింది మాకు వార్త కాలేదు. చివరకు 2018 జులై 26న ఆ నీళ్ళ మీద 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. షాకిల్టన్ మనుషులు మంచులో ఉన్నది రెండేళ్ళలోపు. ఈ ఊళ్ళు నలభై ఏళ్ళకు పైగా అలా ఉన్నాయి, ఎవరూ ఎక్కడికీ సాహసానికి బయలుదేరకుండానే, ఉన్న ఇంట్లోనే.

రెంటినీ పక్కన పెట్టి చూడడం సబబేనా అని నేనే వెనకాడుతుంటాను. వాళ్ళు కావాలని వెళ్ళారు, వీళ్ళ చుట్టూ నీళ్ళే వచ్చి నిలబడ్డాయి. వాళ్ళకు డైరీలున్నాయి, ఫ్రాంక్ హర్లీ అద్దం పలకల మీద తీసిన ఫోటోలున్నాయి. మునిగిపోతున్న ఓడ అడుగున నీళ్ళలో దిగి ఆ పలకలు వెలికి తీశాడు, కొన్నింటిని మాత్రమే ఉంచుకుని వందల కొద్దీ అక్కడే పగలగొట్టాడు. 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతున ఆ ఓడనే కనిపెట్టారు, వెనక భాగం మీద పేరు ఇంకా చదవడానికి వస్తోంది. కట్-ఆఫ్ ఏరియా లాంచీల్లో ఎవరు పుట్టారో, ఒడ్డున ఎదురుచూస్తూ ఎవరు పోయారో రాసిపెట్టిన చిట్టా ఏ లైబ్రరీలోనైనా ఉంటే ఆ పుస్తకం కోసం ఎంత దూరమైనా వెళ్తాను. లాంచీ నడిపినాయనను అడగాలని ఉంది: గాలివాన రోజు రోగిని ఎక్కించుకోవాలా వద్దా అని ఎవరు తేల్చేవారు? ఆ ఊళ్ళకు సూది మందుల పెట్టె మోసుకెళ్ళిన ఆరోగ్య కార్యకర్తను అడగాలని ఉంది: ఆలస్యంగా చేరిన రాత్రులు ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పేది? నీళ్ళు ఊరి చుట్టూ నిండిన ఏడాది పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు అరవైకి దగ్గరవుతున్నారు. వాళ్ళను అడగాలని ఉంది, చివరి ఎండాకాలం నది దాటి ఎవరెవరు అవతల ఉండిపోయారని, వాళ్ళ పేర్లేమిటని.